నడిచొచ్చిన పేలాల పొట్లం

పెళ్ళివారింట విస్తళ్ళు వేసి వడ్డన మొదలెట్టాక, పందిట్లో కబుర్లాడుకుంటున్నవాళ్ళ మధ్యకి వచ్చి "లేవండి, భోజనాలకి లేవండి" అని పిలిచే పెద్దమనిషి ఒకాయన వుంటాడు చూశారూ! ఆయన వచ్చి పిలిచేదాకా ఎవరూ కదలరు. ఆకలి లేక కాదు. తామే ముందు లేస్తే చూసేవాళ్ళకి ఏం బావుంటుందని మొహమాటం. ఆయన పిలిచాక ఒకరు లేస్తారు. ఆ ఒకరిని చూసి నలుగురు, ఆ నలుగురిని చూసి పందిరి పందిరంతా లేస్తుంది.

సరిగ్గా ఈ పనికే అమెరికావాళ్ళు తమ సినిమాహాళ్ళలో ఒక బొమ్మని పెట్టుకున్నారు. కాలూ చెయ్యీ వచ్చిన పేలాల పొట్లం, దాని పక్కన కూల్‌డ్రింకు గ్లాసు, మిఠాయి పెట్టె, చూయింగ్ గమ్ము పొట్లం, నాలుగూ వరసగా తెరమీద నడుచుకుంటూ, పాడుకుంటూ పోతాయి. "మనమంతా బయటి హాల్లోకి పోయి ఏదైనా తెచ్చుకుందాం రండి" అన్నది ఆ పాట సారాంశం. ఆ తర్వాత కుర్చీల్లో కూచుని హాయిగా తింటున్న జనం కనిపిస్తారు. అంతే కథ! నిడివి నలభై సెకన్లు. పేరు 'లెట్స్ ఆల్ గో టు ద లాబీ'. 1957 నాటిది. తయారుచేసింది షికాగోలోని ఫిల్మాక్ అనే సంస్థ. ఇర్వింగ్ మాక్ అనే ఆయన 1919లో ఆ సంస్థ పెట్టి, సినిమాహాళ్ళకి కావలసిన ప్రకటనల ముక్కలు తయారుచేసి అమ్మేవాడు. బొమ్మల పని చూసినవాడు డేవ్ ఫ్లైషర్. అన్న మాక్స్‌తో కలిసి బెట్టీ బూప్‌నీ, పాలకూర తిని కండలు పెంచే పొపాయినీ తెరకెక్కించినవాడు ఆయనే.

నలభై సెకన్లంటే ఏముందిలే అనుకోకండి. సినిమా తెరమీద సెకనుకి 24 బొమ్మలు తిరుగుతాయి. అంటే నలభై సెకన్లకి 960 ఫ్రేములు. అన్నీ విడివిడిగా గీయనక్కర్లేదనుకోండి. నడకకి పది పన్నెండు బొమ్మలు గీసి పెట్టుకుంటే వాటినే తిప్పి తిప్పి వాడుకోవచ్చు. నాలుగు చుక్కల ముగ్గు వచ్చిన పిల్ల దాన్నే పక్కపక్కన వేసుకుంటూ వాకిలంతా నింపెయ్యడం లేదూ? అదే ఒడుపు. ఇంకో తెలివి కూడా వుంది. ఆ పొట్లాల మీద ఏ కంపెనీ పేరూ వుండదు. అందుకని ఊరేదైనా, అమ్మే సరుకేదైనా, ఏ హాలువాడైనా ఆ ముక్కని కొనుక్కుని వేసుకోవచ్చు. ఫలానా పేలాలు కొనండని అది చెప్పదు. కుర్చీలోంచి లేవండని మాత్రమే చెబుతుంది.

ఆ ఒక్క మాట చెప్పడానికి అంత ఖర్చు ఎందుకూ అంటే, దాని వెనక పెద్ద కథే వుంది.

పేలాలు మనకేం కొత్తవి కావు. తొలి ఏకాదశికి పేలపిండి నోట్లో వేసుకోని ఇల్లుందా? అమెరికాలో కూడా అవి వీధి తిండే. షికాగోలో చార్లెస్ క్రేటర్స్ అనే ఆయన 1893లో ఆవిరితో నడిచే పేలాల యంత్రాన్ని అక్కడి ప్రపంచ ప్రదర్శనలో చూపించాడు. దాన్ని బండిమీద ఎక్కించుకుని సంతల్లో, సర్కసుల దగ్గర, వీధి మలుపుల్లో అమ్మేవారు. సినిమాహాలు యజమానులు మాత్రం వాటిని గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. 1920ల్లో వాళ్ళు కట్టినవి రాజభవనాల్లాంటి హాళ్ళు. నేలమీద తివాచీలు, పైన దీపాల గుత్తులు. మూకీ సినిమా నడుస్తుంటే పక్కవాడు కరకరమని నములుతూ కూచుంటే ఏం మర్యాద అని వాళ్ళ బాధ.

ఆ మర్యాద 1929లో వచ్చిపడిన ఆర్థికమాంద్యంతో కొట్టుకుపోయింది. ఉద్యోగాలు పోయిన జనానికి అయిదు పది సెంట్లతో దొరికే సుఖం పేలాల పొట్లమొక్కటే. టాకీలు కూడా వచ్చేశాయి కనక నమిలే చప్పుడు వినపడే బెంగా తగ్గింది. ఆ రోజుల్లోనే కాన్సస్ సిటీ అనే ఊళ్ళో జూలియా బ్రాడెన్ అనే ఆవిడ ఒక హాలు యజమానిని ఒప్పించి, లోపల చిన్న పేలాల దుకాణం పెట్టుకుంది. 1931 నాటికి అలాంటివి నాలుగు దుకాణాలయ్యాయి ఆవిడకి. పెద్ద పెద్ద వ్యాపారస్తులు ముక్కు చిట్లించిన సరుకులో లాభం చూసినది ఒక ఆడమనిషి అని నేను పనిగట్టుకుని చెబుతున్నాను, గమనించండి. అన్నట్టు అదే కాన్సస్ సిటీలో, 1920లో, సినిమాహాళ్ళలో వేసే ప్రకటనలకి బొమ్మలు కదిలించే కంపెనీలో కుర్రాడొకడు పనికి చేరాడు. పేరు వాల్ట్ డిస్నీ. మిక్కీ మౌస్ పుట్టకముందు ఆయన బొమ్మల విద్య నేర్చుకున్నది ఊళ్ళో దుకాణాల ప్రకటనల మీదే.

రెండో ప్రపంచయుద్ధంలో పంచదారకి రేషను రావడంతో మిఠాయిలు తగ్గాయి, పేలాలు ఇంకా పెరిగాయి. యుద్ధం ముగిసేసరికి ఆ దేశంలో తినే పేలాల్లో సగానికి పైగా సినిమాహాళ్ళలోనే తినేవారట! తరవాత టెలివిజన్ వచ్చింది. 1946లో హాళ్ళకి వచ్చిన జనం పదేళ్ళు తిరిగేసరికి దాదాపు సగమైపోయారు. టికెట్టు డబ్బులో పెద్ద వాటా సినిమా తీసినవాడికి పోతుంది. పేలాల డబ్బు మాత్రం హాలువాడిదే. వచ్చే కాస్త జనం చేతనే బాగా కొనిపించాలి. కాని వాళ్ళ సినిమాకి మన సినిమాలాగా మధ్యలో ఇంటర్వెల్లు లేదు. మొదలెట్టిందంటే చివరిదాకా పరుగే. రెండు సినిమాలు కలిపి వేసే ఆటల్లో, ఒకటి అయ్యి రెండోది మొదలయ్యే సందులో మాత్రం కాస్త తెరిపి. కార్లలోనే కూచుని చూసే డ్రైవ్-ఇన్ హాళ్ళలో అయితే "ఇంకా పది నిమిషాలు, ఇంకా అయిదు నిమిషాలు" అని లెక్కపెడుతూ, మధ్యలో పల్టీ కొట్టి రొట్టెలోకి దూకే సాసేజీ బొమ్మలు చూపించేవారు. ఆ సందు దాటితే బేరం లేదు. అందుకే అంత తొందర, అంత పాట, అంత నడక.

సరే, మరి మన సంగతేమిటి? తెలుగుదేశంలో ఏ హాల్లోనైనా సమోసా నడుచుకుంటూ రావడం, గోలీసోడా సీసా గజ్జెకట్టి ఆడడం నా చిన్నప్పుడు నేనైతే చూడలేదు. మన తిండికి ఆ పిలుపు అవసరం రాలేదు. కథ మంచి పట్టుమీద వుండగా తెరమీద 'విశ్రాంతి' అని ఒక్క మాట పడేది. నాలుగక్షరాలు కూడా లేని ఆ మాటే మనకి పెళ్ళిపందిట్లో పెద్దమనిషి. దీపాలు వెలిగీ వెలగకముందే సగం హాలు తలుపుల దగ్గర వుండేది. అమెరికావాడు 960 ఫ్రేముల్లో చేసిన పనిని మనవాళ్ళు ఒక్క అట్టముక్కతో చేశారన్నమాట!

అయినా మనకి కదిలే తిండి బొమ్మ లేదనడం కూడా అన్యాయమే. అక్కడ ఆ పేలాల పొట్లం నడిచిన 1957 సంవత్సరమే, మార్చి నెలలో, మన 'మాయాబజార్' విడుదలైంది. పెళ్ళివారికోసం చేసిన వంటకాల ముందు ఎస్వీ రంగారావు ఘటోత్కచుడై కూచుంటే, లడ్డూలు వాటంతటవి లేచి ఆయన నోట్లోకి ఎగిరిపోలేదూ! దర్శకుడు కె.వి. రెడ్డి, కెమెరా మార్కస్ బార్ట్‌లీ. కంప్యూటరనేది ఎరగని రోజుల్లో చేసిన ఆ గారడీని ఇవాళ్టి పిల్లలకి చూపించినా నోరు తెరుచుకుని చూస్తారు. తేడా చూడండి. అక్కడ తిండి నడిచింది, నడిచి మిమ్మల్ని కొట్టు దగ్గరికి తీసుకుపోయింది. ఇక్కడ తిండి ఎగిరింది, ఎగిరి తినేవాడి నోట్లోనే పడింది. కొనమని ఎవరినీ అడగలేదు. అడగకపోయినా, ఆ సన్నివేశం చూసి ఎంతమంది పిల్లలు లడ్డూలకోసం తల్లుల కొంగు లాగారో ఆ తల్లులకే తెలియాలి.

1957లోనే ఇంకో ముచ్చట కూడా వుంది. భారత ప్రభుత్వపు ఫిల్మ్స్ డివిజన్‌లో అంతకు ముందటి సంవత్సరమే కార్టూన్ల విభాగం మొదలైంది. మన దేశంలోనే పుట్టి, డిస్నీ దగ్గర పనిచేసిన క్లెయిర్ వీక్స్ అనే ఆయన వచ్చి మనవాళ్ళకి విద్య నేర్పాడు. వాళ్ళు తీసిన తొలి బొమ్మల సినిమా జాతక కథలోని జింక కథ, 'ది బన్యన్ డీర్'. అజంతా చిత్రాల తరహాలో గీశారు. అమెరికాలో బొమ్మ పేలాలమ్ముతుంటే, మన దగ్గర బొమ్మ ధర్మం చెబుతోందన్నమాట. ఆ రోజుల్లో ప్రతి ఆటకి ముందూ ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ న్యూస్‌రీలో, డాక్యుమెంటరీయో వేసి తీరాలని నిబంధన. మా తరానికి కదిలే బొమ్మలు కుటుంబ నియంత్రణ, పొదుపు, పరిశుభ్రత చెప్పినవే ఎక్కువ. అక్కడ చేయి తిరిగిన రామ్‌మోహన్ గారు 1968లో మన ఎల్వీ ప్రసాద్ గారి సంస్థలో బొమ్మల విభాగానికి పెద్దగా వెళ్ళి, 1972లో సొంతంగా పని పెట్టుకున్నారు. సర్కారు పాఠాల నుంచి వ్యాపార ప్రకటనలకీ, సినిమాల్లో బొమ్మల ఘట్టాలకీ మన బొమ్మల విద్య నడిచిన దారి అది.

మరి తినుబండారాల ప్రకటనలు అసలు లేవా అంటే, వుండేవి. కదలనివి! గాజుపలక మీద రంగులతో రాసిన స్లైడు. ఊళ్ళో బట్టలకొట్టు, నగలకొట్టు, మిఠాయికొట్టు, "పొగ త్రాగరాదు", "ముందు సీట్లపై కాళ్ళు పెట్టరాదు", ఆ వరసలోనే "మా వద్ద చల్లని పానీయములు లభించును". ఆపరేటరు ఒకటి తీసి ఒకటి పెడుతుంటే, పలక తిరగబడి అక్షరాలు తలకిందులైతే హాలంతా ఈలలు. అది కూడా మాకో వినోదమే.

కదిలే ప్రకటనలు కంపెనీవాళ్ళవి వచ్చేవి. సబ్బులు, పళ్ళపొడులు, కూల్‌డ్రింకులు. 1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్ళాక గోల్డ్‌స్పాట్, లిమ్కా, కొత్తగా వచ్చిన థమ్సప్‌లదే రాజ్యం. మన గోదావరి, విశాఖ జిల్లాల్లో మాత్రం రామచంద్రపురం ఆర్టోస్ సీసా వాటి పక్కన ధీమాగా నిలబడేది. దేశమంతటా హాళ్ళకి ఆ ప్రకటనల రీళ్ళు పంపే పెద్ద సంస్థ బొంబాయిలోని బ్లేజ్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే 1974లో 'అంకుర్' సినిమాకి డబ్బు పెట్టినది ఆ సంస్థే. హైదరాబాదులో పుట్టి పెరిగి, ప్రకటనల చిత్రాలు తీస్తూ బతికిన శ్యామ్ బెనెగళ్ గారి మొదటి కథాచిత్రం అది. తెలంగాణ పల్లెలో ఆకలికి దోసెడు బియ్యం దొంగిలించిన ఆడదాని కథ. ప్రకటనలు పంచి సంపాదించిన సంస్థ డబ్బు ఆకలి కథగా మారి తెరకెక్కడం కన్నా చిత్రమేముంటుంది చెప్పండి!

కాని హాల్లో అమ్మే పల్లీలకీ, జంతికలకీ ఎవరూ బొమ్మలు గీయించలేదు. కారణం డబ్బు లెక్కలోనే వుంది. మన హాళ్ళలో క్యాంటీను, సైకిల్ స్టాండు లీజుకిచ్చేవారు. యజమానికి రావలసిన అద్దె ముందే వచ్చేస్తుంది. ఇక పల్లీలమ్ముడుపోతే ఆయనకేం, పోకపోతే ఆయనకేం? లీజుదారుకి బొమ్మలు గీయించే తాహతు లేదు. ఆయనకున్నదల్లా నలుగురు కుర్రాళ్ళు. మెడలో పళ్ళెం తగిలించుకుని వరసల మధ్య తిరిగే ఆ కుర్రాళ్ళ గొంతే మనకి ప్రకటన.

ఆ గొంతు ఎలా వుంటుందో తెలియాలంటే మా దువ్వాడ స్టేషనుకి రండి. విశాఖపట్నం లోపలికి వెళ్తే ఇంజను అటునుంచి ఇటు మార్చుకోవాలి గనక కొన్ని దూరప్రయాణపు బళ్ళు ఊళ్ళోకి వెళ్ళకుండా మా దువ్వాడ మీదుగానే వెళ్ళిపోతాయి. ఆగేది కొద్ది నిమిషాలు. ఆ కాస్త వ్యవధిలో టీ, సమోసా, పల్లీ అమ్మేవాళ్ళ కేకలు వినాలి! సరుకు పేరు చివర రాగం తీసి, కిటికీ కిటికీకీ ఒక్కో శ్రుతిలో వినిపిస్తారు. ఆగేది కాసేపు, అమ్మాల్సింది ఆ కాసేపట్లోనే. డ్రైవ్-ఇన్ హాలువాడు బొమ్మల చేత "ఇంకా అయిదు నిమిషాలు" అనిపించినదీ, మావాడు రైలు పక్కన పరుగెత్తుతూ కేకపెట్టేదీ ఒకే విద్య.

మా దువ్వాడ వాళ్ళకి సినిమా అంటే కూర్మన్నపాలెం మీదుగా గాజువాక వెళ్ళడమే. కన్య, శ్రీకన్య, మోహిని. మరీ పెద్ద సినిమా అయితే ఊళ్ళోకి, 1970లో కట్టిన జగదాంబకి. ఆ హాలు పేరే ఇవాళ అక్కడి కూడలి పేరైంది. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారం పనులు ఊపందుకున్నాక దేశం నలుమూలల మనుషులూ మా చుట్టుపక్కల చేరారు. సెకండ్ షోకి వరసలో నిలబడితే ముందు బెంగాలీ, వెనక ఒరియా, పక్కన మలయాళం. సినిమా ఒకటే, భాష రాకపోయినా చూసేవారు. తినే దగ్గర మాత్రం ఎవరి సంచీ వారిదే.

అక్కడికే వస్తున్నాను. ఆ నలభై సెకన్ల బొమ్మ మళ్ళీ ఒకసారి తలుచుకోండి. పొట్లాలు నాలుగూ కలిసి నడుస్తాయి, చూస్తే ఒక కుటుంబం బయల్దేరినట్టే వుంటుంది. కుటుంబమంతా లేచి కొట్టు దగ్గరికి వెళ్ళడం అక్కడ మామూలు సంగతి. మన హాళ్ళలో ఎవరు లేచేవారు? మగవాళ్ళు. క్యాంటీను దగ్గర సిగరెట్ల పొగ, తోపులాట. ఆడవాళ్ళు కుర్చీల్లోనే. లేడీస్ తరగతిలో అయితే మరీను. ఒళ్ళో పసిబిడ్డ, పక్కన నిద్రపోతున్న ఇంకొకడు, లేస్తే మళ్ళీ ఆ సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. మగవాళ్ళు వెళ్ళి ఏదో ఒకటి తెచ్చిస్తే తినడం, తేకపోతే నోరు కట్టుకోవడం.

కాని నోరు కట్టుకునే జాతా మనది! అందుకే గుడ్డసంచీ పుట్టింది. మా అమ్మ సినిమాకి బయల్దేరుతోందంటే పొద్దున్నుంచీ పొయ్యిమీద మూకుడు వుండేది. చేగోడీలు, జంతికలు, కారప్పూస, పెద్ద సీసాలో మంచినీళ్ళు. విశ్రాంతి పడగానే సంచీ తెరుచుకునేది. ముందు వరసలో పిన్నిగారికి రెండు, వెనక వరసలో పరాయి పిల్లాడికి ఒకటి. అవతలివాళ్ళ డబ్బాలోంచి అరిసె ఇవతలికి. సినిమాలో కథానాయిక కష్టాలకి అందరూ కలిసి ఏడ్చి, ఇంటర్వెల్లో అందరూ కలిసి తిని, మళ్ళీ ఏడవడానికి ఓపిక తెచ్చుకునేవారు. నలుగురు పిల్లలున్న ఇల్లాలు నెలకొక సినిమా చూడగలిగిందంటే ఆ సంచీ పుణ్యమే. టికెట్టు డబ్బు ఆయన చేతిలోది. సంచీ మాత్రం ఆవిడ చేతిలోది.

ఇప్పుడు కాలం మారింది. స్లైడులు పోయాయి, రీళ్ళు పోయాయి. ఇరవై ఏళ్ళుగా సినిమా ఉపగ్రహంలోంచో, డబ్బాలోంచో దిగుతోంది. ఇన్నాళ్ళకి ఆ పేలాల పొట్లం మన తెరమీదికీ వచ్చింది. బొమ్మ ఎగురుతుంది, పెద్ద బకెట్టు తీసుకుంటే కూల్‌డ్రింకు ఇంత తగ్గింపు అని మెరుస్తుంది. బొమ్మతోపాటు గుమ్మంలో మనిషీ వచ్చాడు, మన సంచీ చూడడానికి. ఆ మధ్య మా అమ్మాయితో ఒక మల్టీప్లెక్సుకి బయల్దేరాను.

"అమ్మా, ఆ సంచీలో ఏం పెట్టావ్?" అంది.

"ఏముందే, నాలుగు చేగోడీలు."

"వాటిని గుమ్మంలోనే ఆపేస్తారే! బాంబు పట్టుకెళ్ళినా వదుల్తారేమోగాని చేగోడీలు వదలరు."

నవ్వాను గాని, నవ్వి వూరుకునే సంగతి కాదిది. ఈ గొడవ సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. బయటి తిండిని అడ్డుకోకూడదని 2018లో జమ్మూ కాశ్మీరు హైకోర్టు చెప్పింది. 2023 జనవరి 3న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, న్యాయమూర్తి పి.ఎస్. నరసింహ గార్లు ఆ తీర్పుని పక్కన పెట్టారు. హాలు యజమాని సొంత ఆస్తి, షరతులు పెట్టుకునే హక్కు ఆయనకుంది, లోపల కొనుక్కోవాలా వద్దా అన్నది ప్రేక్షకుల ఇష్టం అన్నారు. జిలేబీ తిని వేళ్ళు కుర్చీకి తుడిస్తే కడిగే ఖర్చు ఎవరిదని కూడా విచారణలో ప్రశ్న వచ్చింది. రెండు మినహాయింపులున్నాయి. మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలి. పసిపిల్లలకి తల్లిదండ్రులు తగినంత ఆహారం పట్టుకెళ్ళవచ్చు. ఈ రెండూ మీ హక్కులు. గుమ్మంలో గుర్తుంచుకోండి, సీసా కొనమంటే మంచినీళ్ళ కుళాయి ఎక్కడని అడగండి.

హాలువాళ్ళ బాధ కూడా నిజమే. దేశంలోకెల్లా పెద్ద హాళ్ళ సంస్థ లెక్కల ప్రకారం 2023-24లో సగటున ఒక ప్రేక్షకుడు టికెట్టుకి 259 రూపాయలు పెడితే, తిండికి 132 రూపాయలు పెట్టాడు. ఆ 132 లేకపోతే ఆ హాళ్ళు నడవవు. 2023 జూలైలో జిఎస్టీ మండలి కూడా హాళ్ళలో తిండిమీద పన్ను 5 శాతమేనని స్పష్టం చేసింది. కాని నలుగురున్న ఇంట్లో ఆ 132ని నాలుగుతో హెచ్చవేస్తే 528. నెలవారీ సరుకుల చీటీ రాసే ఆడదానికి ఆ అంకె ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. పాత హాల్లో ఆవిడకి ఇంకో దారి వుండేది. ఇప్పుడు తినడం, మానడం రెండే దారులు. "ఇష్టం" అన్న మాట కోర్టులో తూచినంత తేలిగ్గా, పక్కసీటు పిల్లాడి చేతిలో బకెట్టు చూసి ఏడుస్తున్న పిల్లాడి తల్లి దగ్గర తూగదు.

అలాగని పాతదంతా బంగారమని నేననను. మా అమ్మ ఏనాడూ క్యాంటీను మొహం చూడలేదు. మా అమ్మాయి ఇంటర్వెల్లో టక్కున లేచి, వరసలో నిలబడి, తన డబ్బుతో తనకి కావలసింది కొనుక్కుని వస్తుంది. "నువ్వు కూచో అమ్మా, నేను తెస్తాను" అంటుంది. ఆ మాట మా ఇంట్లో ఇదివరకు మగవాళ్ళు మాత్రమే అనేవారు. కుర్చీలోంచి లేవండని ఆ నలభై సెకన్ల బొమ్మ పాడిన పాట మన ఆడపిల్లలకి అరవై ఏళ్ళు ఆలస్యంగానైనా వినపడింది. సంతోషమే. నా బాధల్లా ఒకటే. మన పిల్లలు లేచి నడవడం నేర్చుకున్నారు, మనం చేసిన చేగోడీ మాత్రం గుమ్మం బయట వుండిపోయింది. రెండూ లోపలికి రాకూడదా? వారానికొక ఆటకైనా ఇంటి తిండికి అనుమతి ఇచ్చే హాలు వుంటే, ఖాళీగా కూచునే మాట్నీ కుర్చీలు నిండవా? పాత హాళ్ళు కష్టపడి నడుస్తున్న ఈ రోజుల్లో ఇది ఆలోచించదగ్గ బేరమే.

చివరగా ఒక్క మాట. 2000 సంవత్సరంలో అమెరికా వాళ్ళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ నలభై సెకన్ల పేలాల బొమ్మని భద్రపరచవలసిన జాతీయ చిత్రాల పట్టికలో చేర్చింది. 'అపోకలిప్స్ నౌ' లాంటి మహాచిత్రంతో పాటు, అదే ఏడు! నవ్వుకోకండి. ఒక జాతి ఎలా కూచుందో, ఎలా లేచిందో, ఏం తిందో కూడా చరిత్రే అని వాళ్ళకి తెలుసు. మన గాజుపలకలు ఏమయ్యాయి? చాలావాటిని కడిగి, రంగు గీకి మళ్ళీ రాశారు, మిగిలినవి పగిలాయి. పళ్ళెం కుర్రాళ్ళ కేకలు గాలిలో కలిసిపోయాయి. మీ ఇళ్ళల్లో ఎవరైనా హాలు ఆపరేటరుగా పనిచేసినవారుంటే, అటకమీద ట్రంకుపెట్టె ఒకసారి దింపించండి. పలక దొరికితే పారెయ్యకండి. పలక లేకపోయినా, ఆ కాలంలో సినిమా సంచీలో మీ అమ్మగారు ఏమేం పెట్టేవారో, ఎన్ని పెట్టేవారో, పక్కవాళ్ళకి ఎన్ని పంచేవారో ఒక కాగితం మీద రాసి పెట్టండి. కొలతలతో సహా రాయండి. చరిత్రకి చరిత్ర, వంటకి వంట!